అల ఇచ్చిన బాప్తిస్మం

మాది ముంచే సంఘం. మా ఆయన వాళ్లది చిలకరించే సంఘం. సికింద్రాబాద్ దగ్గర సైనిక్‌పురిలో నేను పనిచేసే బడిలో తోటి టీచర్లకు ఈ తేడా చెప్పడానికి నేను పడిన తంటాలు అన్నీ ఇన్నీ కావు. ఇద్దరూ చర్చికే వెళ్తారు, ఇద్దరి దేవుడూ ఒకడే, మరి పెళ్లికి అడ్డమేమిటని వాళ్లు అడిగేవారు. అడ్డం నీళ్లే. మా సంఘంలో మనిషికి బుద్ధి తెలిసి, తన విశ్వాసాన్ని తన నోటితో ఒప్పుకున్నాక, నిండా నీళ్లలో ముంచి లేపుతారు. అదీ బాప్తిస్మం. వాళ్ల సంఘంలో నెలల బిడ్డను తల్లిదండ్రులు ఎత్తుకొచ్చి నిలబడితే, పాదిరిగారు ఆ బిడ్డ నుదుటి మీద నాలుగు చుక్కలు చిలకరిస్తారు. వాళ్లకు అదే బాప్తిస్మం. మా అమ్మమ్మ లెక్కలో మాత్రం అది మొహం తుడవడం.

మా ఇల్లు కాప్రాలో, వాళ్లది యాప్రాల్‌లో. ఆ చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసి క్రిస్మస్‌కు ముందు ఒక పాటల కూడిక పెట్టుకుంటాయి. నేను మా సంఘం తరఫున పైస్వరం పాడడానికి వెళ్లాను. ఆయన వాళ్ల సంఘం తరఫున కిందిస్వరం పాడడానికి వచ్చాడు. రిహార్సల్స్‌లో నేను ఒకచోట తాళం తప్పుతుంటే, జెర ఆగి అందుకోమని వెనక నుంచి ఒక గొంతు చెప్పింది. నాకు కోపం వచ్చింది. మరుసటి వారం అక్కడ జెర ఆగి అందుకున్నాను. తర్వాత క్రిస్మస్ అయిపోయినా మేమిద్దరం పాటల గురించి మాట్లాడుకోవడం మాత్రం అయిపోలేదు.

పెళ్లి మాట వచ్చినప్పుడు నేను ముందే చెప్పేశాను. అమ్మా నాన్నా ఇద్దరూ ఉద్యోగాలకు పరుగెత్తే రోజుల్లో నన్ను బాపట్లలో తన దగ్గర ఉంచుకొని పెంచింది అమ్మమ్మ. నాకు మొదటి ప్రార్థన నేర్పింది ఆమె. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించకుండా నేను పెళ్లికి నిలబడను. ఆయన అంతా విని తల ఊపాడు. ఆ తర్వాత తన మాట చెప్పాడు. నేను ఏది అడిగినా చేస్తాడు గానీ, రెండోసారి బాప్తిస్మం మాత్రం తీసుకోడు.

ఇక అక్కడి నుంచి మా ప్రేమ వాక్య పరిశోధనగా మారింది. నేను బైబిల్లోంచి, రథం ఆపించి నీళ్లలోకి దిగిన అధికారిని తెచ్చేదాన్ని. ఆయన ఒక్క రాత్రిలో ఇంటిల్లిపాదితో బాప్తిస్మం పొందిన చెరసాల నాయకుణ్ణి తెచ్చేవాడు. ఆ ఇంట్లో చంటిపిల్లలు లేరా అని ఆయన అడిగేవాడు. ఉన్నారని ఎక్కడుందని నేను అడిగేదాన్ని. కాప్రా చెరువు దగ్గర బెంచీ మీద కూర్చొని మేం ఇలా వాదించుకుంటుంటే, పక్క బెంచీ జంటలు మా వైపు జాలిగా చూసేవి.

మా అమ్మమ్మ సంతానమంతా కొన్నేళ్లకొకసారి బాపట్ల పక్కనే ఉన్న సూర్యలంక తీరంలో కలుస్తుంది. ఒక గెస్ట్‌హౌస్ మొత్తం తీసుకొని, మూడు రోజులు తిని, పాడి, ప్రార్థించి, పోట్లాడుకొని విడిపోతారు. ఆ ఏడాది కబురు పంపుతూ అమ్మమ్మ ఫోనులో అమ్మతో ఒక మాట అంది. "ఆ అబ్బాయిని కూడా తీసుకురండే, చూద్దాం. ఎటూ సముద్రం ఎదురుగానే ఉంటది."

ఆ చివరి మాట అమ్మకు అర్థమైంది. బాప్తిస్మానికి వేసుకునే తెల్లబట్టల జత ఒకటి ఆయన కొలతకు కుట్టించి, ఎవరికీ చెప్పకుండా సూట్‌కేసు అడుగున పెట్టింది. నేను చూసి అడిగితే, మంచిది చేతిలో ఉంటే నష్టమేముంది అంది.

సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి బాపట్లలో దిగాం. గెస్ట్‌హౌస్ గేటుకు మా కుటుంబం పేరుతో పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. లోపల అందరూ ఒకే నీలిరంగు టీషర్టుల్లో తిరుగుతున్నారు. పిన్నులు చీరల మీద టీషర్టులు వేసుకున్నారు. మా పెద్దమామయ్య ఒక్కడే తెల్ల పంచె, తెల్ల లాల్చీలో ఉన్నాడు. ఆయన ఒంగోలు దగ్గర సంఘకాపరిగా నలభై ఏళ్లు చేసి విరమించినవాడు. టీషర్టు వేసుకుంటే వాక్యం నోటికి రాదని ఆయన నమ్మకం.

అమ్మమ్మ వరండాలో కుర్చీలో కూర్చొని ఉంది. మా ఆయన వంగి వందనాలు చెప్పాడు. ఆమె తల మీది నుంచి కాళ్ల దాకా చూసి, ప్రయాణం ఎలా జరిగిందని అడిగింది.

"మంచిగనే అయింది అమ్మమ్మగారు. ఏం తక్లీఫ్ కాలే."

"ఏం కాలేదూ?" అంటూ అమ్మమ్మ నా వైపు తిరిగింది.

ఇబ్బంది ఏమీ కాలేదంటున్నాడని చెప్పాను. అంతటితో ఆ ఇంట్లో పిల్లలందరికీ ఆయన దొరికిపోయాడు. మూడు రోజులూ ఏది అడిగినా తక్లీఫ్ కాలేదనే జవాబు చెప్పారు. ఆయన నవ్వుతూ, రొయ్యల కూర రెండోసారి వేయించుకుంటూ తిరిగాడు.

మొదటి రోజు మధ్యాహ్నం బైబిల్లో వచనాలు వెతికే పోటీ పెట్టారు. మామయ్య ఒక వచనం సంఖ్య చదివితే, ఎవరు ముందు ఆ పేజీ తెరిచి చదువుతారో వాళ్లు గెలిచినట్టు. మా ఇంట్లో ఇది పిల్లల ఆట కాదు. దీని మీద అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన సంవత్సరాలున్నాయి. మా ఆయన మొహమాటంగా వెనక వరుసలో కూర్చొని వరసగా అందరినీ ఓడించాడు. చిన్న ప్రవక్తల గ్రంథాల దగ్గర మేం విషయసూచిక వెతుక్కుంటుంటే ఆయన అప్పటికే లేచి చదువుతున్నాడు. చిలకరించేవాళ్లకు వాక్యం అంతగా తెలియదని మా వాళ్లకు ఒక నమ్మకం. అది ఆ మధ్యాహ్నం అక్కడే కూలింది.

అమ్మమ్మ బహుమతిగా స్టీలు డబ్బా అందిస్తూ అంది. "తల నిండా వాక్యమే ఉంది. తల మీదే నీళ్లు పడలేదు."

ఆ రాత్రి అమ్మమ్మ మామయ్యను పిలిచి, అబ్బాయి మంచివాడు, నువ్వు మాట్లాడి ఒప్పించు, మనం ఇక్కడ ఉన్నప్పుడే జరిగిపోవాలి, అది జరిగితే నేను వాళ్ల పెళ్లికి ఒప్పుకుంటాను, లేకపోతే లేదు అని చెప్పింది. తలుపు అవతల నేనూ అమ్మా విన్నాం. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు రెండు రకాలుగా ఉంది. ముంచడమే వాక్యానుసారమని నేను ఇప్పటికీ నమ్ముతాను, కాబట్టి ఆయన ఒప్పుకుంటే బాగుండునని ఉంది. అయితే పెళ్లి కోసం ఒప్పుకొనేవాడైతే ఆయన నాకు నచ్చేవాడే కాదు.

మర్నాడు ఒడ్డు మీద ఉదయ ప్రార్థన అయ్యాక మామయ్య ఆయన భుజం మీద చెయ్యి వేసి, నీళ్లలో కాస్త నడుద్దాం రా అని తీసుకెళ్లాడు. మేమంతా ఇసుకలో కూర్చొని ఉప్మా తింటున్నాం. అమ్మమ్మకు ప్లాస్టిక్ కుర్చీ వేశాం. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి దూరంగా ఉన్నదంతా తనకే బాగా కనబడుతుందని ఆమె చెప్పుకొనేది.

వాళ్లిద్దరూ మాట్లాడుకుంటూ నడుములోతు దాకా వెళ్లారు. మాటలు మాకు వినబడడం లేదు. మా ఆయన పెద్దవాళ్లు మాట్లాడేటప్పుడు చేతులు గుండెల మీద కట్టుకొని, తల వంచి వింటాడు. అది ఆయన అలవాటు. మామయ్యకు మాట్లాడేటప్పుడు కుడిచెయ్యి ఆకాశంలోకి లేపడం అలవాటు. ఎవరైనా బాప్తిస్మం చూసి ఉంటే తెలుస్తుంది. తీసుకొనేవాడు చేతులు గుండెల మీద కట్టుకొని నిలబడతాడు. ఇచ్చేవాడు ఒక చెయ్యి పైకెత్తి, ఇంకో చేత్తో వీపు పట్టుకుంటాడు.

అప్పుడొక అల వచ్చింది. మామయ్య కాళ్ల కింది ఇసుక జారింది. ఆయన ఎడమచేత్తో మా ఆయన మెడ వెనక పట్టుకున్నాడు. ఇద్దరూ పడ్డారు. మా ఆయన వెల్లకిలా, నిండా మునిగాడు. మరుక్షణం నీళ్లు కారుతూ లేచి, మామయ్యను రెండు చంకల కింద పట్టుకొని లేపాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని నిలబడ్డారు.

నేను అల రావడం చూశాను. అమ్మమ్మ చూడలేదు. ఆమె చూసింది ఎత్తిన చెయ్యి, కట్టుకున్న చేతులు, మునగడం, లేవడం, ఆలింగనం. ఆమె కుర్చీలోంచి లేచి స్తోత్రం అంది. ఒక కీర్తన ఎత్తుకుంది. మా ఇంట్లో ఎవరు ఎత్తుకున్నా మిగిలినవాళ్లు ఆలోచించకుండా అందుకుంటారు. అందరూ అందుకున్నారు, ఉప్మా ప్లేట్లతోనే. అమ్మ ఏడుస్తూ గెస్ట్‌హౌస్ వైపు పరుగెత్తింది. అమ్మ పరుగెత్తడం నేను అదే మొదటిసారి చూడడం. తెల్లబట్టలు తెచ్చింది.

వాళ్లిద్దరూ ఒడ్డుకు వచ్చేసరికి కీర్తన రెండో చరణంలో ఉంది. పిన్నులు తువ్వాళ్లు కప్పారు. మా బాబాయిలు వరసగా వచ్చి కుడిచెయ్యి కలిపారు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లకు సంఘం ఇచ్చే సహవాసపు చెయ్యి అది. మా ఆయనకు ముక్కులో ఉప్పునీళ్లు పోయి మాట రావడం లేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పశ్చాత్తాపం అని ఒక పిన్ని ఇంకో పిన్నితో అంది. అమ్మమ్మ మామయ్య చేతులు పట్టుకొని, నాన్నా, ఎంత మంచిపని చేశావురా అంటూ ఏడ్చింది. మామయ్య నోరు తెరిచి, మూసుకున్నాడు. అంతలోకే ఎవరో కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. నెల్లూరు నుంచి విజయనగరం దాకా, రాలేకపోయిన బంధువులంతా దండాలు పెట్టే చేతుల బొమ్మలు పంపడం మొదలుపెట్టారు.

బట్టలు మార్చుకోవడానికి వెళ్లిన చోట, గెస్ట్‌హౌస్ వెనక బోరు దగ్గర, మేం ముగ్గురం కలిశాం. మామయ్య పంచె పిండుకుంటున్నాడు. ఇంత కష్టంలో ఆయనను నేనెప్పుడూ చూడలేదు. తల్లి ముఖం అంత వెలిగిపోవడం తన తండ్రి పోయాక ఇదే మొదటిసారి చూడడం అన్నాడు. ఇవాళ్టికి ఊరుకుందాం, తర్వాత నెమ్మదిగా చెబుదాం అన్నాడు. మళ్లీ కాసేపు ఆలోచించి, గొంతు తగ్గించి, "నీళ్లయితే నిండా పడ్డాయి గదా బాబూ. ఇంకోసారి రెండడుగులు లోపలికి పోయి, ఆ బాప్తిస్మపు మాటలు నాలుగూ నేను అనేస్తే సరిపోద్దేమో" అన్నాడు.

"అయ్యగారూ, మీకే తెలుసు గద, అది సరిపోదని" అన్నాడు ఆయన మర్యాదగా.

మామయ్య తల ఊపి, పంచె మళ్లీ పిండుకున్నాడు. అందులో అప్పటికి నీళ్లేమీ లేవు.

మామయ్య వెళ్లాక నేను అడిగాను, ఒక్క రోజు ఊరుకోలేవా అని. అమ్మమ్మ అప్పటికే పెళ్లికి ఏ నెల బాగుంటుందో అమ్మతో మాట్లాడుతోంది. నాకు ఆ మాటలు కిటికీలోంచి వినబడుతున్నాయి.

ఆయన తల తుడుచుకుంటూ, "నువ్వు ఊరుకోమంటే ఊరుకుంట. గని నువ్వు అనాలె. నా కళ్లలకు చూసి చెప్పు" అన్నాడు.

నేను ఆయన కళ్లలోకి చూడబోయి, కిటికీ వైపు తిరిగాను. ఆయన తెల్లబట్టలు మడిచి నా చేతికిచ్చి, తన పాత చొక్కా వేసుకొని వెళ్లిపోయాడు.

బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ఆ రోజే సాక్ష్యం చెప్పాలి. అది మా సంఘంలో నియమం. తన జీవితంలో దేవుడు ఏం చేశాడో అందరి ముందు నిలబడి చెప్పాలి. సాయంత్రం హాల్లో చాపలు పరిచి, అందరూ కూర్చున్నారు. ముందు ప్రార్థనలు. మా కుటుంబంలో ఎదురుగా చెప్పలేనివన్నీ ప్రార్థనలో చెప్పుకుంటారు. ప్రభువా, రొయ్యల్లో ఉప్పెక్కువైనా ఓర్చుకొనే మనసిచ్చావు అని ఒక బాబాయి ప్రార్థిస్తే, ప్రభువా, వండినవాళ్ల కష్టం తెలియని వాళ్లను క్షమించు అని పిన్ని ప్రార్థించింది. నేను కళ్లు మూసుకొని ఒకే ఒక్క మాట అనుకుంటూ ఉన్నాను. ఆయనను లేపకు ప్రభువా, ఏదైనా అడ్డం పెట్టు, కరెంటైనా పోనీ.

కరెంటు పోలేదు. అమ్మమ్మ ఆయన వైపు చూసి, చెప్పు అబ్బాయ్ అంది.

ఆయన లేచాడు. చేతులు అలవాటుగా గుండెల మీదికి వెళ్లబోతే, ఆపి కిందికి దించుకున్నాడు.

"అమ్మమ్మగారూ, నేను ఇయ్యాల మునిగింది నిజమే. గని బాప్తిస్మం తీసుకోలే. అల కొట్టింది, ఇద్దరం పడ్డం. అంతే అయింది. పొద్దుగాల చెప్పనీకి నాకు గొంతు రాలే, తర్వాత మీ సంతోషం చూసి ధైర్యం రాలే. నాకు మూడు నెలలున్నప్పుడు మా అమ్మ ఎత్తుకపోయి ఇప్పించింది. అప్పుడు నాకేం తెలుసు, ఏం తెల్వదు. తర్వాత బుద్ధొచ్చినంక ప్రతి రోజు ఒప్పుకుంటనే ఉన్న. ఇప్పుడు మళ్ల తీసుకుంటే, ఆ మొదటిది అబద్ధమని దేవుని ముంగట అన్నట్టయితది. మీ మనవరాలి కోసం సుత ఆ మాట అనలేను. మీరు పొమ్మంటే పోత. కోపం తెచ్చుకోను."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చాప పుల్లలు పీకుతూ కూర్చున్నాను. తల ఎత్తితే ఏడుస్తానని తెలుసు.

అమ్మమ్మ ఆయన వంక చూసింది. తర్వాత మామయ్య వైపు తిరిగింది.

"ఒరే, నువ్వు తండ్రి కుమార పరిశుద్ధాత్మల పేరు పలికావా?"

"లేదమ్మా."

"మరి నీళ్లలో పడేటప్పుడు నోరు తెరిచావు గదా. నేను చూశా. ఏమన్నావ్?"

మామయ్య నేల చూపులు చూశాడు. నలభై ఏళ్లు ప్రసంగాలు చెప్పిన గొంతు చిన్నదైపోయింది. "అమ్మా అన్నాను" అన్నాడు.

ఎవరూ నవ్వకూడదనే అనుకున్నారు. ముందు పిల్లలు, తర్వాత పిన్నులు, చివరికి మామయ్యే నవ్వాడు. అరవై దాటిన దైవసేవకుడు, సముద్రం మీదికి వచ్చినప్పుడు అమ్మను పిలిచాడు. అమ్మమ్మ నవ్వలేదు గానీ, పెదవి బిగించి పైకి చూసింది. ఆమెకు బాగా నచ్చిన సంగతి ఏదైనా దాచుకోవాలంటే అలా పైకి చూస్తుంది.

అప్పుడు ఆయనను దగ్గరికి రమ్మంది. ఆయన వెళ్లి ఆమె కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నీది తప్పు" అంది అమ్మమ్మ. "బాప్తిస్మం సంగతిలో నువ్వూ, మీ సంఘమూ, మీ అయ్యగారూ అందరిదీ తప్పు. అది నేను చచ్చేదాకా చెబుతా."

"చెప్పండి అమ్మమ్మగారు."

"కానీ నువ్వు దేవుడికి భయపడ్డావు. నాకు భయపడలేదు. ఈ ఇంట్లో నాకు భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు." ఆమె ఒకసారి అందరినీ చూసింది. అందరూ చాప వైపు చూశారు. "పెళ్లి చేసుకోండి. నువ్వు ముంపు బాప్తిస్మం తీసుకొనేదాకా నేను రోజూ ప్రార్థన చేస్తానే ఉంటా. చెప్పే చేస్తున్నా, చాటుగా కాదు."

"చెయ్యండి. నేను సుత మీ కోసం చేస్త."

"నాకోసం ఏమని చేస్తావ్?"

"మీ మనసు మారాలని."

అమ్మమ్మ అప్పుడు నవ్వింది. నన్ను పిలిచి, ఒక చెయ్యి నా తల మీద, ఇంకో చెయ్యి ఆయన తల మీద పెట్టింది. ఆ ప్రార్థన ఎంత పొడుగు సాగిందంటే, నా కాళ్లు తిమ్మిరెక్కాయి. అందులో సగం మాకు దీవెన, సగం ఆయనకు బోధ.

మర్నాడు మామయ్య గ్రూపులో సవరణ పెట్టాడు. నిన్న జరిగినది బాప్తిస్మం కాదు, ప్రమాదం, ఇద్దరూ క్షేమం అని. దాని కింద కూడా బంధువులు స్తోత్రమనే పెట్టారు. కొందరు ఇప్పటికీ అది చదవలేదు. పెళ్లిలో ఒక తాతయ్య వచ్చి, సముద్రంలో తీసుకోవడం గొప్ప సాక్ష్యం బాబూ అని ఆయన వీపు తట్టి వెళ్లాడు.

పెళ్లి యాప్రాల్‌లో వాళ్ల చర్చిలో జరిగింది. వాక్యం మామయ్య చెప్పాడు. విందులో వాళ్ల పాదిరిగారిని అమ్మమ్మ పక్కన కూర్చోబెట్టుకొని, బాప్తిస్మం మీద వాదిస్తూ మంచినీళ్లు కూడా తాగనివ్వలేదు. రెండు సంఘాలకూ మేం ఆదివారాలు పంచుకొని వెళ్తాం. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అమ్మమ్మ ఫోను చేస్తుంది. ముందు మేం ఏం తిన్నామో అడుగుతుంది, తర్వాత ఫోను ఆయనకిమ్మంటుంది. ఫోనులోనే ఆమె ఒక ప్రార్థన చేస్తుంది, ఆయన ఒక ప్రార్థన చేస్తాడు. ఇద్దరూ ఒకరి ప్రార్థనకు ఒకరు ఆమేన్ అంటారు, అయితే కాస్త ఆలస్యంగా.

నాకు ఇప్పుడు ఆరో నెల. బిడ్డ పుట్టగానే వాళ్ల చర్చికి ఎత్తుకెళ్లాలని ఆయన ఆశ. బుద్ధి తెలిసేదాకా ఆగాలని అమ్మమ్మ ఆజ్ఞ. పోయిన ఆదివారం ఫోను స్పీకర్‌లో పెట్టి, ఈ సంగతి నేనే తేలుస్తానని ఇద్దరికీ చెప్పాను. అప్పటి నుంచి వాళ్లిద్దరూ ఒకరి కోసం ఒకరు ప్రార్థించడం మానేసి, నా కోసం ప్రార్థిస్తున్నారు.